మూత వేసేదాకా

మా వీధి మధ్యలో మ్యాన్‌హోల్ మూత విరిగినప్పటి నుంచి మా వదిన గడప దాటలేదు. వదిన అంటే మా ఆయన అక్క. ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమెకు చూపు లేదు. అయినా చేతికర్రతో వీధి చివరి కొట్టుకు తానే వెళ్లి, కొట్టువాడితో కాసేపు పోట్లాడి, పాలు తెచ్చేది. ఇప్పుడు నేను తెస్తే, "నీళ్లపాలు. నువ్వు అడగవు, వాడు పోస్తాడు" అని సణుగుతుంది. సణుగుడుకేం, భరిస్తాను. ఆమె మంచానికి అతుక్కుపోవడమే చూడలేకపోయాను.

మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగాను. వెళ్లినప్పుడల్లా ఇంజనీరు రేపన్నాడు. చివరికి, "అయిపోయిందమ్మా, మూత వేశారు" అన్నాడు.

"గొయ్యి అలాగే నోరు తెరుచుకుని ఉంది బాబూ. మీరు చూశారా?"

"మావాళ్లు చెప్పారు. అన్నీ నేనే వెళ్లి చూడాలంటే ఎలా?"

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. వదిన మంచం దిగి కర్ర అందుకుంది. "పద" అంది. గోడవారగా నడిపించి తీసుకెళ్లాను.

ఇంజనీరు గదిలో కౌన్సిలరు కూర్చుని టీ తాగుతున్నాడు. వదిన ఇంజనీరు గొంతు వినిపించిన వైపు చెయ్యి చాపింది.

"మూత వేయించావట, సంతోషం నాయనా. నాకు కళ్లు కనిపించవు. కాస్త ఇంటిదాకా దింపు. పక్కకు తప్పుకోకుండా, వీధి మధ్యలోంచే."

ఇంజనీరు కౌన్సిలరు వైపు చూశాడు.

"వెళ్లవయ్యా, పెద్దావిడ అడుగుతుంటే" అన్నాడు కౌన్సిలరు.

"మీరూ రండి బాబూ. ఓట్లప్పుడు వచ్చిన దారే కదా" అన్నాను. ఆయనకు లేవక తప్పలేదు.

మా వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. గొయ్యి ముందు ఇంజనీరు ఆగిపోయాడు.

"ఎందుకాగావు నాయనా? నడు."

"లేదమ్మా... వెయ్యలేదు. రేపు తప్పకుండా..."

"సరే, వేసేదాకా ఇక్కడే నిలబడదాం. ఇంట్లో నాకు పనేం లేదు."

ఆమె అతని చెయ్యి వదల్లేదు. కౌన్సిలరు జారుకోబోతే ఇస్త్రీ బండి అతను దారికడ్డంగా కుర్చీ వేశాడు. "కూర్చోండి సార్, ఎండగా ఉంది."

ఇంజనీరు ఎడమచేత్తోనే ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. సాయంత్రానికి బండి వచ్చింది. కొత్త మూత గొయ్యి మీద కూర్చుంది.

"ముందు నువ్వెక్కు" అంది వదిన. ఎక్కాడు. "కౌన్సిలరు గారేరీ?" ఆయనా ఎక్కాడు. తరువాత ఆమె కర్రతో తట్టి చూసుకుని తనూ ఎక్కి నిలబడింది.

"ఇక వెళ్లొస్తానమ్మా" అన్నాడు ఇంజనీరు.

"అప్పుడేనా? వెనక వీధిలో కూడా వేశామని మీవాళ్లు చెప్పారట. పద, అదీ తొక్కి చూద్దాం."

కర్ర టకటకలాడిస్తూ ముందు వదిన నడిచింది. ఆమె చేతిలో చెయ్యి పెట్టి వెనకాల ఇంజనీరు.