షర్బాను మొదటి నక్క

మా లోయలో వేటగాళ్ళ నెత్తిమీదున్న నక్కతోలు టోపీలన్నీ నేను కుట్టినవే. తోలు నిమిరి ఆ నక్క ఏ నెలలో చచ్చిందో చెప్పేస్తాను. అలాంటి నేను గద్దను పెంచి వేటాడతానంటే అందరికంటే ముందు నవ్వింది మా బావగారు తిలేవ్‌ఖాన్. నా భర్త ముకాన్‌కి అన్న, వేటగాళ్ళ గుంపుకి పెద్ద. ఆయన రమ్మంటేనే ఎవరైనా ఆ గుంపుతో కొండెక్కాలి.

“షర్బానూ, సూది పట్టే చెయ్యమ్మా అది. అంత పక్షిని మోస్తుందా?” అన్నాడు.

“మీరంతా చేతిమీద మోసేది ఆడ గద్దల్నే కదా బావగారూ! గుంపులో ఇంకో ఆడదాన్ని భరించలేరా?”

“నోటితో నక్క పడదు. పట్టుకొచ్చి చూపించు, అప్పుడు నిన్ను వేటగాడంటాను.”

మాట పడి ఊరుకునే రకం కాదు నేను. చలి మొదలవగానే ముకాన్, నేనూ వల పన్ని ఒక పడుచు గద్దను పట్టాం. కళ్ళకు తోలు గంత నేనే కుట్టాను. ఎండిన నక్కతోలుకు తాడు కట్టి ముకాన్ గుర్రం మీద ఈడ్చుకుపోతుంటే, దాని మీదికి గద్దను వదిలి, మళ్ళీ చేతి మీదికి పిలిచేదాన్ని. రెండు నెలలు అదే పని. నా ఎడమ భుజం వాచి టోపీలు మూలపడ్డాయి.

తీరా ముకాన్, నేనూ విడిగా కొండెక్కిన మొదటి రోజు నా జాలే నా కొంప ముంచింది. వేటకు ముందు గద్దకు పెట్టే మాంసాన్ని రక్తం పోయి తెల్లబడేదాకా నీళ్ళలో నానబెట్టి పిండాలి. అప్పుడే దానికి ఆకలి మిగులుతుంది. అది తెలిసి కూడా, చలికి వణుకుతోంది పాపం అని ఎర్రటి మాంసం తినిపించాను. నక్క కళ్ళ ముందే పరుగెత్తింది. నా మహారాణి రాతిమీద కూర్చుని ఈకలు సర్దుకుంది.

అవతలి గట్టు మీద నుంచి తిలేవ్‌ఖాన్ చూడనే చూశాడు. “అత్తారింటికొచ్చిన అల్లుణ్ణి మేపినట్టు మేపావేంటమ్మా!” అని కేకేశాడు. గుంపంతా పగలబడి నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత వారమంతా మాంసం నానబెట్టి, పిండి, కొలిచి పెట్టాను. గద్ద నన్ను తినేసేలా చూసింది. నేనూ అలాగే చూశాను.

ఎనిమిదో రోజు ముకాన్ కింద పొదలు కొడుతూ నక్కను లేపాడు. గంత తీశాను. చెయ్యి ఒక్కసారిగా తేలికైపోయింది. నేను గుర్రాన్ని దూకించి కిందికి చేరేసరికి నక్క మంచులో పడి ఉంది, దాని ముఖం మీద ఒక కాలు, వీపు మీద ఒక కాలు వేసి నా గద్ద నిలబడి ఉంది. నేను ఏడ్చాను, ఎందుకు దాచాలి? ఇన్నేళ్ళూ ఊరందరి తలలకూ కుట్టాను, ఈ తోలుతో నాకు కుట్టుకుంటానని అక్కడే అనుకున్నాను.

నక్కను జీనుకు కట్టుకుని ముకాన్‌తో వస్తుంటే తిలేవ్‌ఖాన్ ముగ్గురు వేటగాళ్ళతో ఎదురొచ్చాడు. గుర్రం ఆపాడు. నక్కను, గద్దను, నన్ను వరసగా చూశాడు.

“సిరల్గీ!” అన్నాడు గట్టిగా.

వేట నుంచి వచ్చే వేటగాణ్ణి పెద్దవాడు ఆ మాట అడిగితే, కొట్టిన జంతువును ఇచ్చేయాల్సిందే. మా తాతల కాలం నుంచీ కాదన్నవాడు లేడు. దొంగ ముసలాడా అని లోపల తిట్టుకుంటూనే ముడి విప్పాను. ఆయన నన్ను ఏమని అడిగాడో అప్పుడు తలకెక్కింది. గుర్రం దిగి, నక్కను నేనే ఆయన జీనుకు కట్టాను.

“మంచి తోలు,” అన్నాడాయన, నా వంక చూడకుండా. “రేపు తెల్లారగానే తూర్పు కొండకి వెళ్తున్నాం. ఆలస్యమైతే ఆగం.”

వాళ్ళు మలుపు తిరగ్గానే ముకాన్ లబోదిబోమన్నాడు. “మొదటి నక్క! చేతులారా ఇచ్చేశావు కదే! మా అన్న దోచుకుపోయాడు!”

“దోచుకోలేదయ్యా, అడిగాడు,” అన్నాను. “ముగ్గురు సాక్షుల ముందు. టోపీలు కుట్టేదాన్ని సిరల్గీ అని ఎవడడుగుతాడు?”