ఊరి బావిలో మందు

పింఛను పుచ్చుకున్నాక కృపాదానానికి పాత రోజులే కాలక్షేపం. గురజాల చుట్టూ సైకిలు మీద తిరిగిన కలరా రోజులు చెప్పమంటే అన్నం సంగతే మరిచిపోతాడు. ఆ దుమ్ము, ఆ ఎండ, పోట్లాడుకున్నవాళ్ళతో సహా ఆ మనుషులు, అంతా మళ్ళీ కావాలనిపిస్తుంది. పందొమ్మిది వందల నలభై ఆరైతే మరీనూ.

హెల్తు ఇనస్పెక్టరే గానీ అతను మాలపల్లెలో పుట్టినవాడు. ఊరి బావిలో మందు కలపాలంటే పొట్లం ఊరివాళ్ళ చేతికిచ్చి తాను దూరంగా నిలబడాలి. ఆ ఏడు ఓ ఊళ్ళో తెల్లవారుజామున కలుపుతానన్న మనిషి కలరాకు జడిసి ఊరొదిలి పోయాడు. అప్పటికే ఇద్దరు చచ్చిపోయారు. కృపాదానం ఆగలేక తనే గట్టెక్కి పొడి కలిపేసి, ఎవరికీ చెప్పకుండా పక్క ఊరికి జారుకున్నాడు. సర్కారు ఉద్యోగి, దొంగలా పారిపోయాడు!

తెల్లారి చూస్తే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఊళ్ళో అంతకుముందు మందు కలిపిందెప్పుడు గనక? ఊరి పెద్దలు చెన్నకేశవరావు, హనుమంతరావులవి రెండు వర్గాలు. చెన్నకేశవరావు విషం కలిపించాడని హనుమంతరావు మనుషులు గోల చేశారు. పొద్దున్నే బావి పక్కగా ఎడ్లు తోలుకుపోయిన చెన్నకేశవరావు పాలేరు జక్కయ్యను పట్టుకుని బండిచక్రానికి కట్టేశారు. చెన్నకేశవరావు మనుషులు బరిసెలతో వచ్చారు.

కబురు పక్క ఊళ్ళో ఉన్న కృపాదానానికి చేరింది. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, వీపూ చీలుతుంది. విప్పకపోతే జక్కయ్య పోతాడు. సైకిలు వెనక్కి తిప్పాడు.

"ఇడిసిపెట్టండయ్యా! అది ఇషం కాదు, కలరా మందు. కలిపింది నేనే."

"నువ్వా? గట్టెక్కావంట్రా?" హనుమంతరావు గొంతు మారింది.

"ఎక్కానయ్యా."

చేద వేసి తోడి, అందరి ముందూ గటగటా తాగాడు.

బరిసెలు దిగాయి. జక్కయ్య కట్లు విప్పారు. తిట్లన్నీ కృపాదానం మీదికి మళ్ళాయి. రెండు వర్గాలూ ఒక్క మాట మీద నిలబడింది ఆ తిట్లలోనే. సాయంత్రానికి బావి తోడిపోసి, పసుపునీళ్ళు చల్లి శుద్ధి చేశారు. మందంతా మట్టిపాలైంది.

మర్నాడు ఇంకో పొట్లం పట్టుకుని అతను మళ్ళీ దూరంగా నిలబడ్డాడు. హనుమంతరావు చెయ్యి చాపాడు.

"నీ చేత్తో కలిపితే మావోళ్ళు తాగరు," అన్నాడు చెన్నకేశవరావు.

"నీ చేత్తో అయితే మేమూ తాగం."

ఇద్దరూ కాసేపు కళ్ళెర్రజేసుకున్నారు. చివరికి హనుమంతరావు తల తిప్పకుండానే అన్నాడు: "ఏమయ్యా కృపాదానం, నువ్వే ఎక్కు. చానా పొద్దెక్కింది."

దొంగచాటుగా ఎక్కిన గట్టే, ఈసారి పిలిస్తే ఎక్కాడు. ఊరంతా చూస్తుండగానే అతను ఏడ్చేశాడు.