మ్యూరియల్ ఓటు

వంటింటి బల్ల మీద పదకొండు వందల కరపత్రాలు మడతలు పెట్టేసరికి నా వేళ్లకి సిరా అంటుకుంది. ప్రతి కాగితం మీదా నా భర్త క్లిఫ్ నవ్వుతున్నాడు. క్లఫ్‌సైడ్ వార్డుకి పద్దెనిమిదేళ్లుగా అతనే కౌన్సిలర్. చెత్త తీసుకెళ్లలేదని, వీధిదీపం వెలగడం లేదని జనం ఫోన్ చేస్తే ఎత్తేది నేను. జవాబులు రాసేది నేను. కింద పేరు అతనిది. గెలిచిన ప్రతిసారీ టౌన్ హాల్ వేదిక మీద "శాండ్‌విచ్‌లు చేసిపెట్టిన మా గ్లెండాకి" అంటాడు, అందరూ చప్పట్లు కొడతారు. ఒకసారి పక్క వార్డులో సీటు ఖాళీ అయితే పార్టీ సమావేశంలో ఎవరో నా పేరు ఎత్తారు. "మరి ఫోన్ ఎవరెత్తుతారు?" అన్నాడు క్లిఫ్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గిన్నెలు కడుగుతున్నప్పుడు ఆ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది, ఇంకెవరిదో గొంతులా.

ఈ ఏప్రిల్‌లో అతనికి మోకాలి ఆపరేషన్ అయింది. ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే పని మొత్తం నా మీద పడింది. పోయినసారి అతను నెగ్గింది పంతొమ్మిది ఓట్లతో. అందుకని ఒక్క గడపా వదలకూడదన్నాడు.

టానర్ స్ట్రీట్‌లో ముప్పై ఒకటో నంబరు ఇంటికి జాబితాలో రెండు పేర్లున్నాయి. హెరాల్డ్ ఓలరెన్‌షా, మ్యూరియల్ ఓలరెన్‌షా. ఎప్పుడు వెళ్లినా తలుపు తీసేది హెరాల్డే. "ఇద్దరివీ మీకే" అంటాడు. నేను రెండు పేర్ల పక్కనా టిక్కు పెట్టుకుని వచ్చేస్తాను. పద్దెనిమిదేళ్లలో మ్యూరియల్‌ని ఒక్కసారి కూడా చూడలేదు. చూడలేదన్న సంగతే నాకు తట్టలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంది. ఎవరూ తలుపు తీయనప్పుడు కరపత్రాన్ని తలుపుకుండే ఉత్తరాల సందులోంచి లోపలికి తోస్తాం కదా, ఏ ఇంట్లోనైనా అది కింద చాప మీద పడిన చప్పుడు వినిపిస్తుంది. ఆ ఇంట్లో వినిపించదు. అవతలి నుంచి ఎవరో కాగితం కొస పట్టుకుని, మెల్లగా, నా వేళ్ల మధ్య నుంచి లాక్కుంటారు.

ఈసారీ అలాగే జరిగింది. ఈసారి మాత్రం వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను. ఆ ఇంటావిడ మిసెస్ విట్టేకర్ మ్యూరియల్ పేరు వినగానే కళ్లు చిట్లించింది.

"ఆవిడ పోయిందనుకున్నానే తల్లీ. ఆ పెద్ద మంచు పడిన ఏడాది నుంచీ కనిపించలేదే!"

ఇంటికి పంపే ఓటు కాగితం మీద ప్రతిసారీ ఆవిడ ఓటు పోస్టులో తిరిగి వస్తోందన్నాను.

"వస్తుంది మరి. పోస్టులో వెళ్లే ఓటుకి కాళ్లెందుకు?" అంది.

ఆమె వెనక కిటికీలోంచి చూస్తే హెరాల్డ్ దూరంగా సంచీ పట్టుకుని మార్కెట్ వైపు వెళ్తున్నాడు. మళ్లీ ముప్పై ఒకటికి వచ్చాను. మెట్టు మీద మోకాళ్లు ఆనించి, ఉత్తరాల సందు రేకు పైకెత్తి పిలిచాను. "మ్యూరియల్."

లోపల చీకటి. తడి ఉన్ని వాసన. తర్వాత ఊపిరి చప్పుడు, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా. ఆవిడ కూడా అవతల మోకాళ్ల మీదే ఉందని అప్పుడర్థమైంది.

"నీ అడుగుల చప్పుడు నాకు తెలుసు. ఎప్పుడూ ఆయన్నే అడిగి వెళ్లిపోతావు" అంది.

తలుపు తీయమన్నాను. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుందంది. మామూలుగానే అంది, పంచదార అయిపోయిందని చెప్పినట్టు. ఓటు మీరే వేస్తున్నారా అని అడిగాను. ఆయన కాగితం మడిచి ఇస్తాడట, చూపించిన చోట ఈవిడ సంతకం పెడుతుందట.

"నువ్వు కౌన్సిలర్ గారి భార్యవి కదా. ఓటు కాగితం ఏ రంగులో ఉంటుంది?"

తెల్లగానా, పసుపుగానా? పద్దెనిమిదేళ్ల ప్రచారం, ఎన్ని వేల కరపత్రాలు, ఓటు కాగితం మాత్రం కళ్ల ముందుకి రాలేదు. సందులోంచి రెండు వేళ్లు బయటికి వచ్చి నా సిరా వేళ్లని తాకాయి. "నీక్కూడా తెలీదా?" అంది మ్యూరియల్. ఆ గొంతులో ఎగతాళి లేదు. జాలి ఉంది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. క్లిఫ్ కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేస్తున్నారు, నువ్వు ఫోన్ చేస్తే కౌన్సిల్ వాళ్లు వెంటనే వెళ్తారన్నాను.

"గురువారం పోలింగ్ అయిపోనీ గ్లెండా. ఆ ఇంట్లో రెండు ఓట్లున్నాయి. ఇప్పుడు కెలక్కు."

"నా ఓటు కాగితం ఎక్కడ?"

నిన్ననే రెండూ పోస్టు చేసేశాడట. మిగతా ప్రచార కాగితాలతో కలిపి దాని మీదా నా సంతకం తీసుకున్నాడట.

"అందులో చూడ్డానికేముంది? ఉన్నది నా పేరేగా" అని నవ్వాడు.

కోటు తెచ్చుకోవడానికి మేడమీదికి వెళ్లాను. తిరిగి దిగుతుంటే ఎవరో తలుపు కొట్టారు. పార్టీ ఏజెంటు జెఫ్, ఓట్ల లెక్క చూసుకోవడానికి వచ్చాడు. క్లిఫ్ చేతికర్ర ఊతంతో వెళ్లి తలుపు తీశాడు. నేను మెట్ల మధ్యలో ఆగిపోయాను. మూడో మెట్టు కిర్రుమంటుంది. అతను ఎవరితోనైనా మాట్లాడుతుంటే దాని మీద కాలు వేయకూడదని నా పాదానికి తెలుసు. ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్చుకున్నానో తెలియదు.

"మీ ఇంటివి పడ్డాయా?" అన్నాడు జెఫ్.

"ఆ, ఇద్దరివీ" అన్నాడు క్లిఫ్.

జెఫ్ పెన్సిలు కాగితం మీద రెండుసార్లు గీసిన చప్పుడు వినిపించింది. అతను తలెత్తి మెట్ల వైపు చూశాడు. అతనికి మెట్ల కమ్మీ మీద ఒక చెయ్యి మాత్రమే కనిపించి ఉంటుంది. నేనూ ఆ చేతినే చూశాను. ఎవరిదో పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

మూడో మెట్టు మీద బరువంతా వేసి దిగాను. క్లిఫ్ ఎక్కడికని అడిగాడు. వాళ్లిద్దరి మధ్య నుంచి వీధిలోకి వచ్చి, టౌన్ హాల్ బస్సెక్కాను.

ఎన్నికల ఆఫీసు మూయడానికి ఇంకా నలభై నిమిషాలుంది. కిటికీ దగ్గర ఉన్న నడివయసు ఉద్యోగికి ముందు మ్యూరియల్ సంగతి చెప్పాను. అతను నా మాట పూర్తి కాకముందే ఫోన్ అందుకుని, ముప్పై ఒకటో నంబరుకి ఇప్పుడే మనుషులు వెళ్లాలని ఎవరితోనో గట్టిగా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక, ఇంకేమైనా ఉందా మేడమ్ అన్నాడు.

ఉందన్నాను. ఇంకో ఓటు గురించి చెప్పాలి, అది నాది, నాకు చూపించకుండానే మా ఆయన పోస్టు చేసేశాడన్నాను. అతను నా పేరు అడిగి, ఇంటిపేరు వినగానే కలం కింద పెట్టాడు. ఇది పోలీసుల దాకా వెళ్తుందని, మీ ఆయన సీటే పోవచ్చని, కావాలంటే ఒకసారి ఆలోచించుకుని రమ్మని నెమ్మదిగా చెప్పాడు. రాసుకోమన్నాను.

"మీ ఆయన మిమ్మల్ని బలవంతపెట్టారా మేడమ్?"

"లేదండీ" అన్నాను. "అసలు అడగనే లేదు."