క్లోవర్ ఎక్కనన్న బండి

ఆరు వారాలుగా ప్రతి మంగళవారమూ హాగెన్ దంపతులకు అదే పని. తమ ఆడగుర్రం క్లోవర్‌ను ట్రైలర్లో ఎక్కించుకుని, తొంభై మైళ్ళ దూరాన మైల్స్ సిటీలో ఉన్న పశువైద్యుడికి దాని పుండుపడ్డ కన్ను చూపించి తీసుకురావాలి. ఆర్డిస్‌కూ లైల్‌కూ డెబ్భై దగ్గర పడుతున్నాయి. ఇల్లు చేరేసరికి ఇద్దరి నడుములూ విరిగిపోయేవి.

మొదటి రెండు వారాలు గుర్రం బుద్ధిగా ఎక్కింది. తర్వాత పాత పికప్ మూలపడితే, ఎత్తుగా ఉండే వేరే పికప్‌కి ట్రైలర్ తగిలించారు. అప్పటినుంచి దారి పొడవునా ఎగుడుదిగుడు కుదుపులే. గుర్రమూ మొరాయించడం మొదలుపెట్టింది. ఆరో మంగళవారం గంటన్నర బతిమాలి, లాగి, లైల్ ఓర్పు నశించి తాడు కొసతో దాని తొడ మీద ఒక్కటి వేశాడు.

"కొట్టకు! ఇరవై రెండేళ్ళ ముసల్దాన్ని కొడతావా?" అంది ఆర్డిస్.

"మరేం చెయ్యమంటావ్? చంకనెత్తుకుని ఎక్కించనా?"

"ముందు నువ్వెక్కు."

"ఏంటీ?"

"అందులో నిలబడు. నేను తోల్తాను. మన గేటు దాకానే."

వాదించే ఓపిక లేక లైల్ ఎక్కాడు. ఆర్డిస్ నెమ్మదిగానే తోలింది. అయినా మొదటి గుంతలోనే కింది చెక్కలు పైకి లేచి అతని మోకాళ్ళను తన్నాయి. ఆ ఊపు ఆగకముందే ఇంకోటి. గేటు చేరేసరికి రెండు చేతులతో కమ్మీని వాటేసుకుని ఉన్నాడు.

"ఎలా ఉంది మహారాజా?"

"పళ్ళు ఊడలేదు, అదే పదివేలు." దిగి గట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్ళు రుద్దుకుంటూ అన్నాడు, "మూడు వారాలు దీన్ని ఇందులోనే తిప్పాం, ఆర్డిస్."

ఆర్డిస్ వంగి చక్రాలకేసి చూసింది.

టైర్లలో గాలి చూశారు, సరిగానే ఉంది. ఆర్డిస్ నాలుగడుగులు వెనక్కి వెళ్ళి పక్కనుంచి చూసింది. "ఓయ్, దీని మూతి ఆకాశంలో ఉందేంటి?" కొత్త పికప్ ఎత్తుకు ట్రైలర్ ముందుభాగం పైకి లేచి, బరువంతా వెనక ఇరుసు మీద పడుతోంది. లైల్ మూలుగుతూ కిందకి దూరాడు. ఎడమవైపు వెనక చక్రం మీద కుదుపు ఆపే కమాను పట్టీ ఒకటి రెండుగా విరిగి ఉంది.

డాక్టరుకి ఫోన్ చేసి శుక్రవారానికి మార్చుకున్నారు. రెండు రోజులు పట్టింది. వెనక రెండువైపులా పట్టీలు మార్చి, ట్రైలర్ సమంగా నిలిచేలా పికప్‌కి దాన్ని తగిలించే కొక్కేన్ని కిందికి దించారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే లైల్ మళ్ళీ ఎక్కి గేటు దాకా వెళ్ళి వచ్చాడు.

బండి బాగుపడిందని గుర్రానికేం తెలుసు? శుక్రవారం అది ట్రైలర్ వాకిట్లోనే ఆగిపోయింది. ఇద్దరూ తాడు వదులుగా పట్టుకుని ఊరికే కూర్చున్నారు. ముందుకాళ్ళు పెట్టింది, తీసేసింది. మళ్ళీ పెట్టింది. నలభై నిమిషాలకు మొత్తం ఎక్కింది. దారి మధ్యలో ఆపి చూస్తే మెడ చెమట పట్టకుండా పొడిగా ఉంది, గడ్డి నములుతోంది. లైల్ కిటికీలోంచి చెయ్యి పెట్టి దాని నుదురు నిమిరాడు. అది తల పక్కకి తిప్పుకుంది.

"కోపం పోవడానికి టైం పడుతుందిలే," అంది ఆర్డిస్.

కన్ను మానుతోందనీ ఇంకో నాలుగు వారాలు తీసుకురావాలనీ చెప్పాడు డాక్టరు.

"నాలుగా?" అన్నాడు లైల్.

"నాలుగే," అంది ఆర్డిస్, పికప్ తాళాలు అతని చేతిలోంచి తీసుకుంటూ.