పదకొండు నోళ్లు

కరోనాకు ముందు, ఉధ్నాలో మగ్గాల కార్ఖానా నడిపే నరహరి సేఠు రాజమల్లు చేతుల వణుకు చూసి, నలుగురి ముందూ అతని నోరు వాసన చూసి, తాగుబోతని పనిలోంచి గెంటేశాడు. పార్కిన్సన్స్ జబ్బని డాక్టరు రాసిన చీటీ పట్టుకుని రాజమల్లు ఒక్కడే మూడుసార్లు వెళ్తే, మూడుసార్లూ గేటు దాటనివ్వలేదు.

ఆసుపత్రి వరుసలో అదే జబ్బుకు అదే నింద మోసిన పదిమంది దొరికారు. రెండో వేవ్‌లో పదకొండుమందీ ఒక్కసారే వస్తే వాచ్‌మన్ అడ్డురాలేదు. సేఠు గదిలోకెళ్లి అందరూ మాస్కులు దించారు. సేఠు గోడకు అతుక్కుపోయాడు.

"అప్పుడు నాదొక్కటే చూసినవ్. ఇప్పుడు అందరి నోళ్లు వాసన చూడు. లేకుంటే ఇది తాగుడు కాదు, జబ్బని రాసియ్యి," అన్నాడు రాజమల్లు.

సేఠు గబగబా పెన్ను అందుకున్నాడు.

"చెయ్యి వణుకుతాంది సేఠ్. తాగినవా ఏంది?"