తేరిన నీళ్ళు

జలాశయం ల్యాబులో కెమిస్టుగా చేరిన కొత్తలో అందరూ ఆమెకు చెప్పిన మాట ఒకటే: యంత్రం జాగ్రత్త. నీళ్ళలో మసక ఎంతుందో కొలిచే ఆ యంత్రం కోసం ఆమెకు ముందున్న కెమిస్టు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడట. అందులో పెట్టే గాజుగొట్టం మీద మట్టి రాసుకుని గీత పడిందంటే, ఇంకొకటి వచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టి మరీ రిటైరయ్యాడు. కట్ట అడుగు నుంచి ఊటనీళ్ళ సీసా రాగానే అల్మరాలో పెట్టాలి. బాగా తేరాక, కదపకుండా, పైనీళ్ళు మాత్రమే తీసి కొలవాలి. ఆమె కూడా అలాగే కొలుస్తూ వచ్చింది. అంకె ఎప్పుడూ ముచ్చటగానే ఉండేది.

మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది. దానికెవరూ బెంగపడరు. ఊటతోపాటు మట్టి వస్తేనే భయం. నీళ్ళు కట్టను లోపల్నుంచి తినేస్తున్నాయని అర్థం. ఈ సంగతి ఆమె ఉద్యోగ పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

ఆ రోజు సీసాలు కడిగే మనిషి సెలవు పెట్టాడు. పోనీలే అని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆమే సింకు దగ్గర నిలబడింది. అవతల అక్క. కట్టకు దిగువనున్న ఊళ్ళోనే అక్క కాపురం.

"ఏమే సైంటిస్టూ, జీతమిచ్చి మరీ అంట్లు తోమిస్తున్నారా నీ చేత?"

"నవ్వకక్కా. నువ్వేం చేస్తున్నావ్?"

"మా అత్తగారికి పక్క మారుస్తున్నా. మంచం దిగలేకపోయినా అజమాయిషీ మాత్రం తగ్గలేదు. మీ బావ క్యాంపుకెళ్ళి బతికిపోయాడు."

ఆమె నవ్వుతూనే సీసా అడుగున వేలు పెట్టి రుద్దింది. వేలికి కాటుకలా మెత్తగా ఏదో అంటుకుంది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"మళ్ళీ చేస్తానక్కా."

కడగాల్సిన సీసాలన్నిటినీ వచ్చిన వరసలో కిటికీ గట్టు మీద పేర్చింది. మొదటి దాని అడుగున పలచని పొర. తర్వాతి దానిలో ఇంకాస్త మందం. చివరిది చేతిలోకి తీసుకుని కుదిపింది. నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి. కట్ట బయట పోసింది ఎర్రమట్టి. బూడిదరంగు బంకమట్టి ఉండేది ఒక్కచోటే, కట్ట గర్భంలో.

ఆ సీసా తీసుకుని ఇంజనీరు గదికి పరుగెత్తింది. కాలనీ అంతా ఆయన్ని పెద్దసారు అంటుంది.

"సీసా కుదిపితే మట్టి రాక ముత్యాలొస్తాయా అమ్మాయ్?" అన్నాడాయన.

"రంగు చూడండి సార్."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"ఇన్నాళ్ళూ బాగుందని సంతకం పెట్టిందెవరు?"

"నేనే సార్."

"నీ సంతకం కింద నాదీ ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "బయట ఒక్క ముక్క పొక్కిందంటే ఇద్దరం ఇంటికే. పైగా పుకారు పుడితే ఊళ్ళో తొక్కుకు చస్తారు. పద, ముందు చూసొద్దాం."

జీపు కట్ట కిందికి దిగింది. ఊటనీళ్ళు పారే సిమెంటు కాలువ దగ్గర ఎప్పుడూ సన్నని గలగల వినిపించేది. ఇవాళ అక్కడ చడీచప్పుడూ లేదు. కాలువ అడుగు తడిగా మెరుస్తోంది కానీ చుక్క పారడం లేదు.

"చూశావా! ఊటే లేదు. నీ మట్టిగోల తీరి..." అంటూనే పెద్దసారు మాట మింగేశాడు.

ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. అవతల జలాశయం నిండుకుండలా ఉంది. ఈ దారిన రాని నీళ్ళు మరే దారిన పోతున్నాయి?

ఆమె కట్ట వాలు మీదికి చూసింది. ఎండుగడ్డిలో, ఎక్కడా తడి ఉండకూడని ఎత్తులో, చాపంత మేర తడిసి నల్లగా కనిపించింది.

ఊరిని ఖాళీ చేయించే సైరను మోగించాలంటే హెడ్డాఫీసు అనుమతి కావాలి. పెద్దసారు అక్కడికి ఫోను కలిపాడు.

"పొంగడం కాద్సార్, ఆగిపోయింది... అవున్సార్, ఊట ఆగితే మంచిదేగా అనిపిస్తుంది, కానీ... అలాగే సార్, లైన్లోనే ఉంటాను."

ఆమె నాలుగడుగులు పక్కకు వెళ్ళి అక్కకు ఫోను చేసింది.

"అక్కా, అత్తగారిని ఆటో ఎక్కించి గుట్ట మీది బడి దగ్గరికి వెళ్ళిపో. ఇప్పుడే."

"మతి పోయిందా? ఆవిణ్ణి మంచం మీంచి లేపాలంటే నలుగురు కావాలి."

"నలుగుర్ని పిలు. కట్ట బాగాలేదు."

అక్క మెల్లగా అడిగింది. "నాకొక్కదానికే చెప్తున్నావా? పిలిస్తే ఎందుకని అడుగుతారు కదే. పక్కింట్లో బాలింత ఉంది. వాళ్ళకేం చెప్పను?"

ఆమె పెద్దసారు వైపు చూసింది. ఆయన ఇంకా లైన్లోనే ఉన్నాడు. ఆమెను చూసి, వద్దన్నట్టు అరచెయ్యి ఊపాడు. ఆయన వెనక వాలు మీద నలుపు చాపంత మేర దాటి పాకింది.

"అందరికీ చెప్పక్కా. వీధిలోకెళ్ళి అరిచి చెప్పు. ఎవరన్నారంటే నా పేరు చెప్పు."

ఫోను కట్ చెయ్యకుండానే అక్క వీధిలోకి పరుగెత్తింది. గొంతు చించుకుని అరవడం, తలుపులు తెరుచుకోవడం, ఏమైందమ్మా అని ఎవరో అడగడం వినిపించాయి. అక్క చెప్పింది.

ఒక మగగొంతు పకపకా నవ్వింది. "మొన్ననేగా కట్ట భేషుగ్గా ఉందని మీ చెల్లెలే సంతకం పెట్టింది! ఆ కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు, కళ్ళారా చూశాను."

తెరుచుకున్న తలుపుల్లో ఒకటి మళ్ళీ మూసుకున్న చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించింది. తర్వాత ఇంకొకటి.