పిండి పెట్టి అడిగిన ప్రశ్న

నేను ఒక గ్రైండర్‌ని. వంటగట్టు మీద బొమ్మలా కూర్చునే రకాన్ని కాదు. నేల మీద కాళ్ళూని నిలబడి, పట్టుకుని వంచితే పిండిని గిన్నెలోకి దించే పాతరకాన్ని. లోపల రాళ్ళు, కింద మోటారు, రెండింటికీ మధ్య ఒక బెల్టు. నాకు ఒళ్ళు మండితే ఆ బెల్టు జారవిడుస్తాను. అంతకు మించి నా చేతిలో ఆయుధమేమీ లేదు.

కోయంబత్తూరు వైపు ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా రాళ్ళు చెక్కినాయన చెక్కుతున్నంతసేపూ తన అల్లుణ్ణి తిడుతూనే ఉన్నాడు. నా గొంతులో ఈ గరగర అప్పుడే చేరిందని నా అనుమానం. లారీ ఎక్కి కాకినాడ వచ్చి, ఒక టిఫిన్ హోటల్లో కొలువుకు కుదిరాను. ఆ హోటలాయన దసరాకి నాకు పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టాడు. దీపావళికల్లా నాకన్నా పెద్దది వచ్చింది. నన్ను దొడ్లోకి గెంటి దానికి దణ్ణం పెట్టాడు. మనుషుల భక్తి సైజుని బట్టి ఉంటుందని అలా తెలిసింది.

అక్కణ్ణించి ఒక బ్యాంకు దంపతుల ఇంటికి వెళ్ళాను. ఇక మీదట ఇడ్లీలు ఇంట్లోనే అని ప్రతిజ్ఞ చేసి మరీ కొన్నారు. ఆ ప్రతిజ్ఞ రెండు ఆదివారాలు నిలిచింది. ఆ తరవాత నా మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నారు. బదిలీ మీద ఊరు విడిచి వెళ్తూ, అదే అపార్టుమెంటులో పై అంతస్తులో ఉండే భ్రమరాంబకు నన్ను అప్పగించారు. నా అసలు జీవితం అక్కడ మొదలైంది.

భ్రమరాంబ ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్మేది. పొద్దున్నే పప్పు నానబోసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక రుబ్బితే, సాయంత్రానికి గుమ్మం ముందు గిన్నెల వరస తయారయ్యేది. పెళ్ళితో ఆగిపోయిన డిగ్రీని నలభై దాటాక ఆన్‌లైన్‌లో మళ్ళీ అందుకుంది. ఫీజు నా పిండిలోంచే వచ్చేది. అంటే నేను తిరిగితేనే ఆవిడ చదువు నడిచేది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అందుకే కొంచెం పొగరుగా ఉండేవాణ్ణి.

వంటగది ఇరుకు కావడంతో నన్ను వెనక గదిలో పెట్టారు. పొద్దుటి పూట నా మూత మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని భ్రమరాంబ క్లాసు వినేది. అలా నేనూ కాలేజీలో చేరాను. ఆ ఏడాది వచ్చిన పాఠం పేరు ‘పరిశోధనాత్మక రచన – వాదన’. చెప్పేది హిమజ మేడమ్. వయసులో భ్రమరాంబకు చెల్లెలవుతుంది, గొంతులో మాత్రం మేనత్త. మొదటి రోజే తెర మీద కళ్ళద్దాలు సర్దుకుని, “మీకు అనిపించింది అభిప్రాయం. దానికి ఆధారం చూపిస్తే అది వాదన,” అంది.

అంతే, మా ఇంట్లో మనశ్శాంతి కరువైంది. భ్రమరాంబ భర్త వీర్రాజు పోర్టులో గుమాస్తా. పాపం, నోట్లో నాలుక లేని మనిషి. ఒకరోజు అన్నం కలుపుకుని, “పప్పులో ఉప్పెక్కువైనట్టుందే,” అన్నాడు.

“అది మీ అభిప్రాయమండి. ఇంకెవరైనా అన్నారా?”

“ఈ ఇంట్లో ఇంకెవరున్నారు భ్రమరా?”

“అయితే రుజువు కాలేదన్నమాట,” అని ఇంకో గరిటె వేసింది. తరవాత తను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, లేచి మజ్జిగ తెచ్చుకుంది. మామిడిపళ్ళవాణ్ణి కూడా వదల్లేదు. తేనెలా ఉంటాయమ్మా అంటే, తేనెతో పోల్చి చూశావా అని అడిగింది. అతను మా సందులోకి రావడం మానేశాడు.

ఇలా ఉండగా మా నెత్తిన పిడుగు పడింది. మా కింది వాటాలో పాపారావు గారని ఒక పెద్దాయన ఉండేవారు. గూడ్సు బళ్ళకి గార్డుగా చేసి రిటైరైన మనిషి, ఒంటరివాడు. నేను నిలబడిన చోటికి సరిగ్గా కింద ఆయన మంచం. మధ్యాహ్నం గ్రైండరు మోతకి నిద్రపట్టడం లేదని, దాన్ని మేడ మీంచి తీసేయించాలని అసోసియేషన్‌కి అర్జీ పెట్టారు. అపార్టుమెంటంతా పగలబడి నవ్వింది. రిటైరైనాయనకి రాత్రంతా ఖాళీయేగా, అప్పుడు పడుకోవచ్చుగా అన్నారు. నేనూ నవ్వాను. నవ్వితే నాలో పిండి చిందుతుంది. భ్రమరాంబ మాత్రం నవ్వలేదు. రాబోయే ఆదివారం మీటింగులో చేతులెత్తించి తేలుస్తామని సెక్రటరీ గారు నోటీసు అంటించారు.

నన్ను తీసేస్తే పిండి లేదు, పిండి లేకపోతే చదువు లేదు. సరిగ్గా అప్పుడే హిమజ మేడమ్ ఆఖరి వ్యాసానికి అంశాలు ఎంచుకోమంది. భ్రమరాంబ క్షణం ఆలోచించకుండా ‘అపార్టుమెంట్లలో గృహిణుల చిన్న వ్యాపారాలకు అడ్డు చెప్పరాదు’ అని టైపు చేసింది. కొట్టిన కొట్టుడికి నా మూత అదిరింది.

ఆధారాల కోసం ఇంటింటికీ వెళ్ళి అడగాలనుకుంది. ప్రశ్న ఒక్కటే: మా గ్రైండరు చప్పుడు మీకు ఇబ్బందిగా ఉందా? నా చేత ఎక్కువ పిండి రుబ్బించి, డబ్బాల్లో సర్ది, తలుపు తలుపూ తట్టింది. ఎదురింటి సత్యవతి డబ్బా అందుకుంటూ, “చప్పుడా? ఏం చప్పుడు వదినా? అదాడకపోతే నాకసలు తోచదు,” అందిట. పక్కింటివాళ్ళు ఆ మోత జోలపాటలా ఉంటుందన్నారు. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. భ్రమరాంబ గాల్లో తేలుతూ వచ్చి అంతా వీర్రాజుకి చదివి వినిపించింది. నేనూ తక్కువ ఉబ్బలేదు. జోలపాట అంటే మాటలా!

మర్నాడు క్లాసులో ఆ ఫలితాలు చూసి హిమజ మేడమ్ కళ్ళద్దాలు తీసేసింది.

“అందరూ ఒకే మాట అన్నారా భ్రమరాంబ గారూ?”

“అందరూనండి మేడమ్. ఏకగ్రీవం.”

“ప్రశ్న అడిగేటప్పుడు మీ చేతిలో ఏముంది?”

“పిండి డబ్బా అండి.”

“పిండి ఎందుకండీ?”

“ఒకరింటికి ఉత్త చేతుల్తో ఎలా వెళ్తామండి? బాగోదు కదండీ!”

తెర మీది గళ్ళలో మిగతా విద్యార్థులంతా నవ్వుతున్నారు. మైకులు ఆపి ఉన్నాయి కాబట్టి పళ్ళు మాత్రం కనబడ్డాయి.

“మీరు అభిప్రాయాలు సేకరించలేదండీ, పిండి పంచారు,” అంది మేడమ్. “ఇంకో సంగతి. ఎవరికి చప్పుడు వినబడుతోందని మీరే చెప్పారో ఆ కిందింటాయన పేరే ఇందులో లేదు.”

“ఆయనకి పిండి ఇవ్వబుద్ధి కాలేదండి,” అంది భ్రమరాంబ, కొంచెం నసుగుతూ.

“మళ్ళీ వెళ్ళండి. ఖాళీ చేతులతో. ముందు ఆయన దగ్గరికి.”

ముందు ఆయన దగ్గరికి వెళ్ళడానికి మనసొప్పలేదు. సత్యవతి దగ్గరికే వెళ్ళింది, పెన్నొకటి పట్టుకుని. తలుపు తీసిన సత్యవతి ముందు ఆవిడ చేతుల వంక, తరవాత ముఖం వంక చూసిందిట. కుర్చీ చూపించకుండానే మొదలుపెట్టింది: “నిజం చెప్పమంటావా వదినా? నీ గ్రైండరు తిరుగుతుంటే గోడ మీద మా అత్తగారి ఫోటో తల ఊపుతుంది. బతికుండగా దేనికీ తల ఊపలేదావిడ. నాకు భయమేస్తోంది.” పక్కింటివాళ్ళు జోలపాట సంగతే ఎత్తలేదు. పిల్లాడు చదువుకోలేకపోతున్నాడన్నారు. పనిలో పనిగా, సోమవారం పిండి పుల్లగా ఉంటోందని కూడా చెప్పారు. భ్రమరాంబ ముఖం మాడ్చుకుని వచ్చి, తడిగుడ్డతో నన్ను తుడిచింది. తుడిచినట్టు లేదు, కొట్టినట్టుంది.

ఇక తప్పక ఒక మధ్యాహ్నం కిందికి వెళ్ళింది. మాటలు రికార్డు చేసుకోవాలన్నది క్లాసు నియమం. ఆయన్ని అడిగే రికార్డు చేసింది. పైకొచ్చి, ఫోను నా మూత మీద పెట్టి వింది కాబట్టి నేనూ విన్నాను.

“ఏం, పిండి తెచ్చావా?” అన్నారు పాపారావు గారు. ఆ వార్త కిందికీ వెళ్ళినట్టుంది.

“లేదండి బాబాయి గారూ. మా మేడమ్ వద్దన్నారు.”

“అయితే కూర్చో.”

కుర్చీ జరిగిన చప్పుడు. మధ్యాహ్నమే ఎందుకు పడుకుంటారని భ్రమరాంబ అడిగింది.

“ఉద్యోగమంతా గూడ్సు బండి ఆఖరి పెట్టెలోనే గడిచిందమ్మాయ్. అన్నీ రాత్రి డ్యూటీలే. కన్ను మూతబడితే కొంప మునుగుతుంది. మొన్న రిటైరైనప్పుడు నాకు దండేసి పంపించారు గానీ, ఈ కళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చీకటి పడితే తెరుచుకుంటాయి. మీరంతా భోంచేసే వేళకి గాని మూతలు పడవు. అలా పడీ పడగానే మీ యంత్రం మొదలవుద్ది.”

“మరి అర్జీలో ఆ ముక్క రాయలేదేమండి?”

“ఏమని రాయను? పాపారావుకి రాత్రిళ్ళు నిద్దర పట్టదని నోటీసు బోర్డులో అంటించమంటావా? ఎందుకయ్యా అని అడుగుతారేమో, చెబుదామనుకున్నాను. ఒక్కరూ అడగలేదు. నవ్వారు.”

ఆ రోజు నేను తిరగలేదు. సాయంత్రం గిన్నెలతో వచ్చినవాళ్ళకి మోటారు పాడైందని అబద్ధం చెప్పి పంపేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మోటారుకేం, నిక్షేపంలా ఉంది!

ఆదివారం వచ్చింది. వివాదంలో ఉన్న వస్తువుని అందరూ చూడాలని సెక్రటరీ గారు పట్టుబట్టడంతో నన్ను మెట్ల మీదుగా కిందికి మోసుకొచ్చి, పార్కింగులో కార్ల మధ్య ముద్దాయిలా నిలబెట్టారు. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. రెండో విడత ఎంత నిష్ఠూరంగా మాట్లాడినా, పిండి మీద మమకారంతో అందరూ మా వైపే ఉన్నారు. ఆ సంగతి వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి. పాపారావు గారు ఒక మూల ఒంటరిగా కూర్చున్నారు.

భ్రమరాంబ తన వ్యాసం చదవడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గరే ఉండి సంపాదించుకునే ఆడవాళ్ళ గురించి చక్కగా చదివింది. చప్పట్లు కొట్టారు. నా గురించి కూడా రెండు మంచి ముక్కలు రాసింది. అక్కడితో ఆపి ఉంటే గెలిచేవాళ్ళం. ఆవిడ పేజీ తిప్పి, “ఇప్పుడు అవతలి పక్షం,” అంది.

వీర్రాజు తల పట్టుకున్నాడు. “అవతలి పక్షం సంగతి అవతలివాళ్ళు చూసుకుంటారుగా వదినా,” అని సత్యవతి గట్టిగానే గొణిగింది. భ్రమరాంబ వినిపించుకోలేదు. పేరు ఎత్తకుండా, బతుకంతా రాత్రుళ్ళు మేలుకుని ఊళ్ళకి సరుకులు చేరవేసిన ఒక మనిషి గురించి చదివింది. అలాంటి మనిషికి పగలే రాత్రి అని, మన అర్ధరాత్రి మన గుమ్మంలో గ్రైండరు తిప్పితే మనం ఊరుకుంటామా అని అడిగింది. చప్పట్లు లేవు.

“పేరు చెప్పొచ్చమ్మాయ్. అది నేనే,” అన్నారు పాపారావు గారు లేచి నిలబడి. ఇక ఎవరూ నవ్వలేదు.

సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, గ్రైండర్ని మేడ మీంచి తీసెయ్యాలనేవాళ్ళని చేతులెత్తమన్నారు. ముందు లేచిన చెయ్యి భ్రమరాంబది. నాకు గుండె లేదు గానీ, ఉంటే ఆగిపోయేది. అర్జీ పెట్టిన పాపారావు గారు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. సొంతదారు తీసెయ్యమంటోంది, ఫిర్యాదుదారు అనడం లేదు. దీన్ని తీర్మానాల పుస్తకంలో ఎలా రాయాలో తెలియక సెక్రటరీ గారు కలం పట్టుకుని బిక్కమొహం వేశారు.

“ఆ పిల్ల చదువు ఆపుతారేంటండీ,” అన్నారు పాపారావు గారే. “వెనక నీళ్ళ మోటారు గది ఖాళీగానే ఉంది కదా. అక్కడ పెట్టించండి. నాకు వినబడదు.” ఉండాలా పోవాలా అని ఇన్నాళ్ళూ కొట్టుకున్నారు గానీ, ఎక్కడుండాలి అని ఒక్క బుర్రకీ తట్టలేదు. ఎలాగూ కిందికి మోసేశారు కనక నన్ను ఆ పూటే మోటారు గదిలోకి తోసేశారు.

ఇప్పుడు నా కాపురం ఇక్కడే. నా పక్కనున్న నీళ్ళ మోటారు నాకన్నా పెద్ద నోరు వేసుకుని అరుస్తుంది. దాని మీద ఇంతవరకూ ఎవరూ అర్జీ పెట్టలేదు. నీళ్ళిచ్చేవాణ్ణి ఎవరు మాత్రం ఏమంటారు! పాపారావు గారు మధ్యాహ్నం హాయిగా నిద్రపోయి, సాయంత్రం తన గిన్నె పట్టుకుని పిండికి వస్తారు. పుల్లగా ఉంటే ముఖం మీదే చెబుతారు.

మొన్న వ్యాసం దిద్ది పంపించారు. భ్రమరాంబ పాసైంది. నా పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని హిమజ మేడమ్ రాసిన మాట ఫోనులో పైకి చదివింది: “మొదటి పేజీలో ఒకటన్నారు, చివరి పేజీలో దానికి విరుద్ధంగా తేల్చారు. తప్పులేదు. కానీ మీ మనసు ఎక్కడ మారిందో ఆ భాగం వ్యాసంలో ఎక్కడా కనబడలేదు.” భ్రమరాంబ పేజీలన్నీ కిందికీ మీదికీ తోసి వెతికింది. తనకీ దొరకలేదు.

నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం కింద నుంచి వచ్చి, ఆయన మాటలు రెండుసార్లు వింది. తరవాత మామూలుగానే నానిన పప్పు నాలో పోసి, నీళ్ళు చిలకరించి, మూత పెట్టి, స్విచ్ మీద వేలు పెట్టింది. అప్పుడే కింద మంచం కిర్రుమంది. ఆయన నడుం వాల్చినట్టున్నారు. వేలు తీసేసింది. మూత తీసి, ఆ పప్పంతా తిరిగి గిన్నెలోకి తోడుకుంది. తోడుతున్నంతసేపూ గరిటె నా అంచుకు తగలకుండా చూసుకుంది.